ఊళ్ళో లేనివాళ్ళ లెక్క
(సంఘ వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకుని ప్రసంగ పాఠం)



ఆరోగ్య శాఖలో ప్రణాళిక, శిక్షణ అనే విషయంపై మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. డి.ఎ. బకాయిల గురించి మాట్లాడితే చప్పట్లు ఎక్కువ పడతాయని నాకూ తెలుసు. అయినా ఒప్పుకున్నాను. ఈ విషయంలో నేను చేసిన తప్పొకటి చెప్పవలసి ఉంది.

1974లో మలేరియా సర్వేలెన్స్ వర్కరుగా చేరాను. పక్షానికొకసారి ఇంటింటికీ వెళ్ళడం, జ్వరమున్నవారి వేలు గుచ్చి స్లైడుపై రక్తం తీయడం, గోడమీది స్టెన్సిల్ గడిలో తేదీ వేయడం, అదే నౌకరీ. తరువాత కర్తార్ సింగ్ కమిటీ 1973లో చేసిన సిఫారసుల ప్రకారం మమ్మల్ని మల్టీపర్పస్ వర్కర్లను చేశారు. పని పెరిగింది గాని, ఎంత చేయాలో చెప్పే పద్ధతి మారలేదు. టార్గెట్ పైనుంచి వచ్చేది. జిల్లాకు ఇన్ని ఆపరేషన్లు, పి.హెచ్.సి.కి ఇన్ని, మనిషికి ఇన్ని. మార్చి వచ్చిందంటే రెవెన్యూ సోదరులు, పంతుళ్ళు కూడా 'కేసుల' కోసం తిరిగిన రోజులు ఈ సభలో చాలామందికి గుర్తుండే ఉంటాయి.

1996 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా ఆ టార్గెట్లను ఎత్తివేసింది. ఊరి అవసరాన్ని బట్టి ఏ.ఎన్.ఎం.లే కిందినుంచి ప్రణాళిక వేయాలన్నారు. మంచి మాటే. కాని ఇరవై ఏళ్ళు పైవారి అంకెను మోసిన మాకు, అంకెను తయారు చేయడం ఎవరు నేర్పారు? నాకు ఒక పూట శిక్షణ, ఒక సూత్రం దక్కాయి. సబ్ సెంటర్ జనాభా 5000, జననాల రేటు వెయ్యికి 25 అనుకుంటే ఏడాదికి 125 కాన్పులు. పోయే గర్భాలకు పది శాతం కలిపితే సుమారు 138 మంది గర్భిణులు. దాన్నిబట్టి టీకాలు, ఐరన్ మాత్రలు. నేను దాన్నే నా కిందివారికి అప్పజెప్పాను. లెక్క తప్పు కాదు, పాలమూరుకు సరిపడలేదు.

పాలమూరు సంగతి మీకు చెప్పాలా! పంట ఇంటికి రాగానే గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి, కుటుంబాలకు కుటుంబాలనే కాలువ పనులకు, డ్యాముల పనులకు తోలుకపోయేవాడు. మా పరిధిలోని ఒక తండాలో సంక్రాంతి దాటితే ముసలివాళ్ళు, మేకలు తప్ప ఎవరూ ఉండేవారు కారు. నా ప్రణాళికలో ఆ తండాకు తట్టు టీకా వేసే నెల జనవరి! రిజిస్టరులో 'ఇల్లు తాళం' అని రాసుకుని వచ్చాం. ఉగాదికి వాళ్ళు తిరిగొచ్చారు. నెల తిరగకముందే తట్టు లేచింది. ఇద్దరు పసివాళ్ళు పోయారు.

అక్కడి ఏ.ఎన్.ఎం. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. "సార్, వీళ్ళు ఎప్పుడు పోతరో, ఎప్పుడొస్తరో నాకు ఎరుకే. మీరు అడగలే, నేను చెప్పలే" అన్నది. జవాబు చెప్పలేకపోయాను.

మరుసటి ఏడు ప్రణాళికను ఆమె, నేను తండా వేపచెట్టు కింద కూర్చుని రాశాం. గుంపు మేస్త్రీని కూడా పిలిచాం. అతని అడ్వాన్సుల పుస్తకంలో ఎవరింట్లో ఎందరు, ఎక్కడికి పోతున్నారు, అన్నీ ఉన్నాయి. మా సర్వే రిజిస్టరు దాని ముందు ఎందుకూ పనికిరాదు. దసరాకు ముందొకసారి, ఉగాదికొకసారి టీకాలు పెట్టాం. పనికి పోయినచోట చూపించడానికి కార్డు తల్లి చేతికే ఇచ్చాం.

నల్లగొండ సోదరులు నవ్వుకోనక్కరలేదు. కలరా, విరేచనాలు తగ్గాలని మీ జిల్లాలో బోర్లు వేసిన రోజుల్లో ఎన్ని పంపులన్నదే లెక్క, లోతునుంచి ఏ నీరొస్తున్నదన్నది కాదు. మర్రిగూడ వైపు వంగిన ఎముకలే దానికి సాక్ష్యం. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడును తేర్చే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని 'నీరి' సంస్థ రూపొందించింది. మీ జిల్లా పేరుతోనే 'నల్లగొండ టెక్నిక్' అని అది లోకానికి తెలిసింది. కాని పటిక మోతాదు నీటినిబట్టి మారుతుంది. రోజూ కొలిచి కలిపే మనిషిని తయారు చేయకపోతే ఆ పద్ధతి పుస్తకంలోనే ఉంటుంది.

శాఖ నేర్చుకోలేదని అనను. 1995 డిసెంబరులో పల్స్ పోలియో మొదలైంది. పోనుపోను బస్టాండులు, ఇటుక బట్టీలు, గుడారాలు కూడా మైక్రో ప్లానులోకి వచ్చాయి. తాళం వేసిన ఇంటికి మళ్ళీ పోవాలన్న నియమం వచ్చింది. దేశంలో చివరి వైల్డ్ పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చి జిల్లా ప్రణాళికలు, ఆశా కార్యకర్తలను తెచ్చింది. ఇప్పుడు ఏ.ఎన్.ఎం. చేతిలో ట్యాబ్ ఉంది. అందులోనూ అడిగినదే ఎక్కుతుంది.

ఇప్పుడు మన దగ్గరి ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి, బలంగీర్ వైపునుంచి కుటుంబాలు వస్తున్నాయి. అక్కడి రిజిస్టరులో వాళ్ళ ఇంటికి తాళం, ఇక్కడి రిజిస్టరులో అసలు ఇల్లే లేదు. మొన్న కొత్తగా చేరినవారి శిక్షణకు పిలిస్తే వెళ్ళాను. తరగతి గది వదిలి ముందు బట్టీకి పోదాం పదండి, మేస్త్రీ పుస్తకం అడుగుదాం అన్నాను. నలుగురు వచ్చారు. సంక్రాంతిలోపు మిగతా బట్టీలు కూడా చూడాలని ఉంది. నాతో రాగలిగినవారు భోజనాల తరువాత కార్యదర్శిగారి దగ్గర పేరు రాయించండి. ఒరియా మాట్లాడేవారెవరైనా ఉంటే తప్పక రావాలి.