బొంత అంచుకు పట్టీ వేయుట
(స్త్రీల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



బొంతల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. బొంత కుట్టడం మీకు నేను నేర్పనక్కరలేదు. పాత నేతచీరలు నాలుగైదు పొరలు పరచి వరుస కుట్లు వేయడం ఇక్కడున్న అమ్మమ్మలకు చేతికి వచ్చిన పనే. నేను చెప్పదలచినది అంచు సంగతి మాత్రమే. ఎందుకంటే, బొంత ముందుగా పాడయ్యేది నడుమ కాదు, అంచున.

మన నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు వైపుల వారికి ఇది వేసవిలో బాగా తెలుస్తుంది. మామిడికాయ ముదిరే వేళకు తోట కాపలాకు వెళ్ళేవారు మంచంతోపాటు బొంత కూడా మోసుకుపోతారు. మంచం పట్టె మీద వేలాడే అంచు రాత్రంతా నులకకు ఒరుసుకుంటుంది. పైగా కాయల సొన మరకలు. కోతలు ముగిసి ఇల్లు చేరేసరికి నడుమ గట్టిగానే ఉంటుంది గాని చుట్టూ పీలికలు వేలాడుతుంటాయి. ఇక పనికిరాదని దానిని గొడ్లపాకలో పడవేస్తారు. అందులో ఒక పొర చనిపోయిన తల్లి చీర అయి ఉండవచ్చు.

పసిబిడ్డ బొంత విషయంలో ఇది పొదుపు సంగతి మాత్రమే కాదు. అంచున ఊడిన దారపు పోగు బిడ్డ కాలివేలికి చుట్టుకుంటే, కదిలినకొద్దీ బిగుస్తుంది. రక్తం ఆడక వేలు వాచి నల్లబడే ప్రమాదమున్నది. ఏడుపు దేనికో తెలియక కడుపునొప్పి అనుకుని వాము నీళ్ళు పట్టేవారున్నారు. ఏడుపు ఆగకపోతే ముందు కాళ్ళ వేళ్ళు, చేతుల వేళ్ళు విప్పి చూడండి. పోగు తేలికగా రాకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. కాన్పు ఇంటికి మనం పట్టుకువెళ్ళే బొంతలో తెగిన పోగు ఒక్కటి కూడా బయటికి కనబడరాదు.

చాలామంది చీర అంచునే కోసి పట్టీగా వేస్తారు. చూపుకు బాగుంటుంది, తిన్నని వైపులకు సరిపోతుంది. గాని గుండ్రని మూల దగ్గర అది లొంగదు, ముడతలు పడుతుంది. మరొక లోపమున్నది. తిన్నగా కోసిన గుడ్డను మడిస్తే ఆ మడత వెంట ఏ ఒకటి రెండు పోగులో పొడుగునా నడుస్తాయి. ఒరిపిడికి అవి తెగితే అంచు అంతా నోరు తెరుస్తుంది. పడుగుకూ పేకకూ ఏటవాలుగా కోసిన పట్టీలో ఎన్నో పోగులు మడతను దాటి పోతాయి. కొన్ని తెగినా తక్కినవి కాస్తాయి. దర్జీలు క్రాసు పట్టీ అనేది దీనినే. రవిక మెడకు వేసేదీ ఇదే.

కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్ది స్త్రీలకు ఈ బాధ లేదు. వారు తమ బొంతను అంచు నుండే మొదలుపెట్టి లోపలికి కుట్టుకుంటూ పోతారు. అంచులు మొదటే మడతబడతాయి. నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చుతుంది గాని మన చేతుల అలవాటు వేరు.

ఏటవాలుగా కోస్తే గుడ్డ దండుగని మా పెద్దమ్మ కత్తెర పట్టుకోనిచ్చేది కాదు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. విడివిడి పట్టీలుగా కోస్తే మూలముక్కలు మిగులుతాయి. దీనికి ఉపాయమున్నది. 28 అంగుళాల చదరపు గుడ్డను మూల నుండి మూలకు రెండుగా కోయండి. ఆ రెండు ముక్కోణాలను తిన్నని వైపులు కలిపి కుడితే ఒక వాలు పలక వస్తుంది. ఏటవాలు వైపుకు సమంగా రెండున్నర అంగుళాలకొక గీత గీయండి. మిగిలిన రెండు తిన్నని వైపులను ఒక గీత పక్కకు జరిపి గొట్టంగా కుట్టండి. ఇక గీత వెంట చుట్టూ కత్తిరించుకుంటూ పోతే ఒకే పట్టీ వస్తుంది. 28ని 28తో హెచ్చిస్తే 784, దానిని రెండున్నరతో భాగిస్తే 313 అంగుళాలు. ఆరడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు గల బొంత చుట్టుకొలత 240 అంగుళాలే. కుట్లకు కొంత పోయినా ఇంకా మిగులుతుంది. మా పెద్దమ్మ ఈ లెక్క విని మరి మాట్లాడలేదు.

గుడ్డ ముందే ఉతికినదై ఉండవలెను. కొత్త నూలుగుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోయి పాత బొంతను ముడతలు పెడుతుంది. బొంత మూలల మీద కంచం బోర్లించి గీసి, గుండ్రంగా కత్తిరించండి. పట్టీని పొడుగునా సగానికి మడిచి, తెగిన అంచులను బొంత అంచుతో కలిపి, అర అంగుళానికి కొంచెం తక్కువ లోపలగా పైవైపున కుట్టు వేయండి. తరువాత మడతను వెనుకకు తిప్పి చేతితో హెమ్మింగు చేయండి. మూల తిరిగేటప్పుడు పట్టీని లాగరాదు. లాగితే బొంత మూల గిన్నెలా పైకి లేస్తుంది. కొంచెం వదులుగా అందిస్తూ పోవలెను.

కొసలు కలిపే చోటు మూలకు రాకుండా ఒక వైపు నడుమ ఉంచండి. ఆ అతుకు కూడా ఏటవాలుగానే వేయండి. తిన్నగా వేస్తే మడతలన్నీ ఒకేచోట పేరుకుని మిషను సూది విరుగుతుంది. పెద్ద బొంత బరువుకు మిషను మీద నుండి జారిపోతుంటుంది కాబట్టి, కోడలినో కూతురినో అవతలివైపు పట్టుకోమనండి.