ఎగుమతులు, దిగుమతులు: మన జమాఖర్చు

పి.గన్నవరము వద్ద వైనతేయ నదీపాయపై ఆక్విడక్టు కలదు. క్రింద నది, పైన కాలువ. ఒకదానినొకటి తాకకయే సాగిపోవును. దేశ వర్తకమునకును ఇట్టి రెండు ప్రవాహములు గలవు. కాని ఎగుమతి, దిగుమతి ఒకదానినొకటి తాకక మానవు. ఆ రెంటి విలువలకు గల వ్యత్యాసమునే వ్యాపార శేషమందుము.

ఈ లెక్క ఎన్నడును ఒక్కతీరున నిలువలేదు. 18వ శతాబ్దిలో గోదావరి మండలము నేతబట్టలను ఓడలకెక్కించెను. నర్సాపురము చెంతనున్న మాధవాయపాలెము పేరు ఆంగ్లభాషలో ‘మడపోలం’ అను వస్త్రమునకు పేరైనది. తరువాతి శతాబ్దిలో మాంచెస్టరు మరబట్ట వచ్చినది, అమ్మినవారమే కొనువారమైతిమి. స్వాతంత్ర్యానంతరము తేయాకు, జనుము, నూలుబట్టలు అమ్మి, యంత్రములను, 1956 తరువాత అమెరికా గోధుమలను విరివిగా తెచ్చుకొంటిమి.

2023–24లో మన సరకుల ఎగుమతులు సుమారు 43,700 కోట్ల డాలర్లు. దిగుమతులు సుమారు 67,800 కోట్ల డాలర్లు. ముడిచమురు, బంగారము, ఎలక్ట్రానిక్ వస్తువులు దిగుమతులలో ముఖ్యములు. ఈ లోటులో సగమునకు పైగా సాఫ్ట్‌వేరు మొదలగు సేవల మిగులు పూడ్చినది. లోటు తనంతట దోషము కాదు. నీటి యంత్రమునకై చేసిన అప్పు వేరు, ఆడంబరమునకై చేసిన అప్పు వేరు గదా!

ఈ పెద్ద లెక్క కోనసీమ చేనిలోనికి ఎట్లు దిగునో చూతము. 2008లో ప్రపంచమున బియ్యపు ధర మండిపోగా, బాస్మతి కాని బియ్యపు ఎగుమతిని ప్రభుత్వము నిషేధించెను. పట్టణములందలి పేదవాని కంచమును కాపాడుటయే ఉద్దేశము. ఆ కట్టుబాటు 2011 సెప్టెంబరు వరకు సాగెను. ఈలోగా ఖర్చులు పెరిగి, గిట్టుబాటు ధర లేక, మురుగునీటి ముంపు తోడై, 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించిరి. నీరుండియు వేలాది ఎకరములు బీడువడెను. తలుపు తెరచిన మరుసటి సంవత్సరమే భారతదేశము బియ్యపు ఎగుమతిలో ప్రపంచమున ప్రథమస్థానమందినది. 2023 జూలైలో తెల్లబియ్యమునకు ఆ తలుపు మరల మూయబడి, 2024 సెప్టెంబరులో తెరువబడెను.

రొయ్యల చెరువుల కథయు దీనికి దూరము కాదు. అక్కడ తలుపు మూయువారు మనవారు కారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచెను. ఒకే సంతను నమ్మినవారికి అది గట్టి దెబ్బ. మరొకప్రక్క, కొబ్బరితోటల నడుమ నున్న వంటయింటికిని మలేషియా, ఇండోనేషియాల పామాయిలు చేరుచున్నది. అది చౌక యగుట ఇల్లాలికి ఊరట. కొబ్బరి రైతునకు పోటీ. ఇద్దరును ఒకే ఇంటివారు కావచ్చును!

కనుక ఎగుమతి మేలా, కీడా అని యడుగుట చాలదు. మా మనవి యొక్కటే: నారుమడి పోయుటకు ముందే రైతునకు రాబోవు విధానము తెలియవలెను. కాలువకు నీరు వదలు తేదీని ముందుగా చెప్పుదుము గదా. వర్తకపు తలుపునకును అట్టి మాట యుండుట న్యాయము.