కీళ్ళవాతము – రక్తనాళములు



మన పల్లెలలో వాతము అను మాటకు హద్దు లేదు. మోకాలు అరిగినను వాతమే, నడుము పట్టినను వాతమే, చికున్‌గున్యా జ్వరము తగ్గిన పిమ్మట మిగిలిన నొప్పులును వాతమే. నేడు నేను చెప్పబోవునది వీనిలో ఒకదానిని గూర్చి మాత్రమే. వైద్యులు దానిని రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అందురు.

ఇది వయసుతో వచ్చు అరుగుదల కాదు. ముప్పది, నలుబది యేండ్ల వారికిని వచ్చును. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువ. చేతివ్రేళ్ళ కణుపులు, మణికట్లు తరచు రెండు ప్రక్కలను ఒకే తీరున వాచును. ఉదయము లేచిన పిమ్మట గంటసేపైనను పిడికిలి బిగియదు. పాలు పితుకుట, చెంబు ఎత్తుట కష్టమగును.

సూక్ష్మక్రిములతో పోరాడుటకు మన దేహమున తెల్లరక్తకణములు కలవు. ఈ వ్యాధిలో అవి కాపలా మాని సొంత యింటిపైననే పడుచున్నవి. కీలు లోపలి పొరను శత్రువుగా నెంచి, ఆక్సిజన్‌నుండి పుట్టు తీక్ష్ణ పదార్థములను దానిపై విడుచుచున్నవి. ఇనుము తుప్పు పట్టుట, నిలువ నూనె చెడుట కూడ ఆక్సిజన్ పనియే గదా! ఆరోగ్యముగా ఉన్నవారి దేహము ఈ పదార్థములను అణచుకొనగలదు. ఈ రోగులలో పుట్టునది అణచు శక్తిని మించిపోవును.

ఈ నిప్పు కీలులోనే ఆగిన బాగుండును, కాని ఆగదు. వాపును పెంచు రసాయనములు రక్తములో కలిసి దేహమంతయు తిరుగును. రక్తనాళముల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువును పుట్టించి నాళములను మెత్తగా ఉంచును. తీక్ష్ణ పదార్థములు దానిని హరించును, నాళము బిరుసెక్కును. రక్తములోని క్రొవ్వు సయితము చెడి గోడలలో పేరుకొనును. అందువలననే ఈ రోగులకు గుండెపోటు ఇతరులకంటె సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా వచ్చుచున్నది. ఒక వింత యేమనగా, వాపు తీవ్రముగా ఉన్నప్పుడు పరీక్షలో కొలెస్టరాల్ తక్కువగా కనబడవచ్చును. ఆ అంకెను చూచి నిశ్చింతగా ఉండరాదు.

చికిత్సలో ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. దీని పుట్టుకతో మనకు బంధుత్వము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలను నడపుచుండగా, రక్తపు కాన్సరుకై ఈ జాతి మందులు తయారైనవి. 1948లో వారు మరణించిరి. కీళ్ళవాతమునకు దీనిని అమెరికా ప్రభుత్వము 1988లో అనుమతించెను.

ఇచ్చట మిక్కిలి శ్రద్ధగా వినుడు. కీళ్ళవాతమునకు ఈ మాత్రలను వారమునకు ఒక్క దినమే వేసుకొనవలెను. ప్రతిదినము మ్రింగిన నోరు పుండ్లగును, రక్తకణములు తరిగిపోవును, ప్రాణమే పోవచ్చును. ఆ వారము పేరును మాత్రల పెట్టెపై వ్రాయించుకొనుడు. గర్భవతులును, గర్భము కోరువారును దీనిని వాడరాదు. రక్తపరీక్షలు మానరాదు, మద్యము మానవలెను.

రెండు దినములలో నొప్పిని మాయము చేయు పేరులేని పొడులు సంతలలో దొరకుచుండును. వానిలో తరచు స్టెరాయిడ్ ఉండును. స్టెరాయిడ్ మంచి మందే. 1948లో హెంచ్ అను వైద్యుడు కార్టిసోన్‌తో మంచము పట్టిన రోగిని నడిపించెను. 1950లో నోబెల్ బహుమానము పొందిన మువ్వురిలో ఆయన యొకడు. కాని లెక్కలేక వాడిన రక్తపోటు, చక్కెర పెరిగి, మనము కాపాడదలచిన నాళములే చెడును. చాలకాలము వాడినవారు హఠాత్తుగా మానినను అపాయమే. వైద్యుని అడిగి క్రమముగా తగ్గించుకొనవలెను. చుట్ట, బీడీ ఈ వ్యాధిని రప్పించుటకును, నాళములను చెరచుటకును తోడ్పడును.

కీళ్ళవాతము గల ఆడువారు ఛాతీలో బరువు, చెమట, ఆయాసము కలిగినను అదియు వాతమేయని నూనె రాచుకొని పడుకొనుచుందురు. ఇంటివారు అట్టి సమయమున తెల్లవారువరకు ఆగక వెంటనే 108కు ఫోను చేయవలెను.