కథ కాదు, జరిగింది చెబుదాం
(పుదుచ్చేరిలో తెలుగు ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాజ్యాంగంలోని 17వ అధికరణ ఏమిటని అడిగితే మన పిల్లలు ‘అంటరానితనం రద్దు’ అని ఒక్క వాక్యంలో రాస్తారు. మార్కు వస్తుంది. కానీ రద్దు చేయాల్సి వచ్చినది ఎలా ఉండేదో ఆ వాక్యంలో కనిపించదు. కనిపించాలంటే జరిగింది జరిగినట్టు చెప్పాలి.

బాబాసాహెబ్ రాసిన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ తీసుకోండి. 1901లో చిన్నారి భీమ్‌రావు అన్నతో, తోటి పిల్లలతో కలిసి సతారా నుంచి కోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి బయలుదేరాడు. మసూర్ స్టేషన్లో దిగితే తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. మంచి బట్టలు చూసి బ్రాహ్మణ పిల్లలనుకున్న స్టేషన్ మాస్టర్ ఆదరంగానే పలకరించాడు. మహర్లమని చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది. బండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకతను ఒప్పుకున్నాడు. అదీ బండి పిల్లలే తోలుకోవాలి, తను పక్కన నడుస్తాడు. తినడానికి తిండి ఉన్నా, దారిలో తాగడానికి నీళ్లు దొరకలేదు.

ఇక్కడ ఆపి అడగండి. అవే బట్టలు, అవే ముఖాలు, మరి స్టేషన్ మాస్టర్‌కి ఏం మారింది? డబ్బు అవసరమున్న బండివాడు బేరం ఎందుకు వద్దనుకున్నాడు? నీళ్లు ఎవరి సొత్తు? ఈ ప్రశ్నల వెంట పిల్లలు 1927 నాటి మహద్ చెరువు దాకా వస్తారు. 17వ అధికరణ అప్పుడు అర్థమవుతుంది.

వై.బి. సత్యనారాయణ గారి ‘మా నాయన బాలయ్య’లో లెక్కల పాఠం కూడా ఉంది. పూర్వీకుడైన నర్సయ్యకు నిజాం 50 ఎకరాలిస్తే, దొర 2 ఎకరాలు మాత్రమే ఉంచాడు. పోయింది ఎంత శాతం? ఎందుకు పోయింది? మొదటిది గణితం, రెండోది చరిత్ర. ఆ ఇంటికి రైల్వే ఉద్యోగం, చదువు ఏం చేశాయన్నది మూడో ప్రశ్న.

మన పొరుగు తమిళనాడు రచయిత్రి బామ బాల్యం ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి ఇంగ్లీషు పుస్తకంలోనే ఉంది. ఊరి పెద్దమనిషి ఒకరు తినుబండారాల పొట్లాన్ని చేతికి తగలకుండా దారంతో పట్టుకెళ్తుంటే ఆ పిల్లకు నవ్వొచ్చింది. అన్న కారణం చెప్పాక ఆ నవ్వు కోపమైంది. దాన్ని పదాలకు అర్థాలు రాయించి ముగించేస్తే పాఠం చెప్పినట్టు కాదు.

అయితే రెండు జాగ్రత్తలు. దళిత పిల్లను లేపి ‘నీ అనుభవం చెప్పు’ అనకండి. తరగతికి ఆ పిల్ల పాఠ్యపుస్తకం కాదు. ప్రశ్న అందరికీ వేయండి. మీ ఇంట్లో మొదట బడికెళ్లింది ఎవరు? అంతకుముందు తరాలు ఎందుకు వెళ్లాయి, ఎందుకు వెళ్లలేదు? చదివి వినిపించమని బలవంతపెట్టకండి. పొలం తాతల నుంచి వచ్చిందనే పిల్లవాడికి కూడా ఆ పొలం ఎలా వచ్చిందో తెలుసుకోవాల్సిన అవసరం ఉంది.

రెండోది, అవమానం దగ్గర ఆపకండి. జాలి పుట్టించడం చదువు కాదు. మహద్‌లో నీళ్లు తాగిన చేతుల గురించీ చెప్పండి.

సావిత్రీబాయి, జోతిరావు ఫూలే దంపతుల బడిలో చదివిన మాంగ్ బాలిక ముక్తా సాల్వే, 1855లో తన జనం బాధల మీద రాసిన వ్యాసం ‘జ్ఞానోదయ’ పత్రికలో అచ్చయింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు. మన తరగతుల్లోనూ అలాంటి పిల్లలున్నారు. వాళ్లకు ముందు నిజం వినిపిద్దాం, ఆపైన కలం ఇద్దాం.

జై భీమ్.