ఊరి వ్యవహారములు – మన వాదోపవాదములు

(సంఘము వారాంతపు సమావేశమున చేయబడిన ప్రసంగపాఠము)



కార్యవర్గమువారు నేటి ప్రసంగమునకు విషయము నెన్నుకొను భారమును మాకే విడిచిరి. కనుక మనవారు నిత్యము మాట్లాడుకొను సంగతినే ఎంచుకొంటిమి. చిక్కపేటలో అంగడి తలుపులు తెరచుటకు ముందు కాఫీ త్రాగుచును, పెండ్లి పందిళ్లలో విస్తళ్ల ముందు కూర్చుండియు మనవారు వాదించుకొను సంగతులు మూడే: ప్రయాణము, ప్రభుత్వము, ప్రభుత్వమువారిచ్చు ఉచితములు. అమెరికాలో నున్న మన బిడ్డలు టెలిఫోనులో చెప్పు సంగతులును ఇవియే. 2025 జనవరి 5వ తేదీన ఒక వింత జరిగినది. ఆ దినముననే బెంగళూరు సిటీ బస్సు ఛార్జీలు నూటికి 15 వంతున పెరిగినవి. ఆ దినముననే న్యూయార్కు నగరమున మన్‌హాటన్ దిగువ భాగమున ప్రవేశించు కార్లపై రద్దీ వేళలలో 9 డాలర్ల రుసుము మొదలైనది. ఇక్కడ బస్సెక్కువాడు గొణిగెను. అక్కడ కారెక్కువాడు గొణిగెను. రెండు చోట్లను ప్రశ్న యొక్కటే: ఊరిలో తిరుగుటకగు ఖర్చును ఎవరు భరింపవలయును?

మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి అంగడిలో కూర్చున్నవారము. చిట్టా, ఆవర్జా వ్రాయుట మాకు తెలిసిన విద్య. ఆ విద్యతోనే ఈ వాదములను పరిశీలింతుము.

మొదటిది స్త్రీల ఉచిత బస్సు ప్రయాణము. కర్ణాటక ప్రభుత్వమువారు 2023 జూన్ 11న శక్తి పథకమును ప్రారంభించిరి. ఈ రాష్ట్రమున నివసించు స్త్రీలు సాధారణ బస్సులలో రాష్ట్రము లోపల వెల లేకుండ ప్రయాణింపవచ్చును. తెలంగాణమున అదే సంవత్సరము డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15న ఇట్టి పథకములే వచ్చినవి. మనవారిలో కొందరు దీనిని సోమరులను పెంచు దానమనుచున్నారు, మరికొందరు ధర్మమనుచున్నారు. ఉభయులును ఒక సంగతిని మరచుచున్నారు. కండక్టరు స్త్రీకిచ్చునది శూన్య టికెట్టే కాని, దానివలన సంస్థకు రావలసిన సొమ్ము లెక్కకెక్కును. ఆ లెక్కను సంస్థ ప్రభుత్వమునకు పంపును, ప్రభుత్వము చెల్లింపవలయును. అనగా సంస్థ దృష్టిలో ఇది ఉచితము కాదు, అరువు. అరువు సకాలమున తీరినచో వర్తకము నిలుచును. తీరనిచో అంగడి మూతపడును. కావున స్త్రీ బస్సెక్కవలయునా, వద్దా యని వాదించుట వ్యర్థము. ప్రభుత్వము తన బాకీని నెలనెలా తీర్చుచున్నదా? ఎక్కువారి సంఖ్యకు తగినట్లు బస్సులు పెరుగుచున్నవా? అడుగవలసినది ఇది.

మా అభిప్రాయమును దాచము. పథకము మంచిదే. మన అంగళ్లలో చీరలు మడత పెట్టు పడుచులు, గార్మెంటు ఫ్యాక్టరీలలో మిషను త్రొక్కు తల్లులు ఊరి అంచులనుండి రెండు బస్సులు మారి వచ్చువారు. వారి జీతములో బస్సు ఖర్చు చిన్నది కాదు. మిగిలిన రూపాయి ఇంటిలో ఎట్లు అక్కరకు వచ్చునో సంసారము నడుపు స్త్రీకి ఒకరు చెప్పనక్కరలేదు.

ఇందులో మరియొక విశేషము కలదు. కండక్టరు ఆమెను చూచి, నీ మాతృభాష యేది యని యడుగడు. కర్ణాటక చిరునామా గల గుర్తింపు పత్రమును చూపుమనును. తెలుగు తల్లికిని కన్నడ తల్లికిని ఒకటే టికెట్టు. దీనిని జ్ఞాపకముంచుకొనుడు, మరల దీనియొద్దకే వచ్చెదము.

రెండవ వాదము మెట్రో రైలు. 2011 అక్టోబరు 20న బయ్యప్పనహళ్లి నుండి మహాత్మాగాంధీ రోడ్డు వరకు తొలి బండి నడచినది. 2017 తరువాత ఏడేండ్లకు పైగా ఛార్జీలను ముట్టలేదు. 2025 ఫిబ్రవరి 9న ఒక్కసారిగా పెంచిరి. గరిష్ఠ ఛార్జీ 60 రూపాయలనుండి 90 రూపాయలకు పోయినది. కొన్ని దూరములకు పెంపు మరీ అధికమని జనులు మొరపెట్టగా కొన్ని రోజులలోనే కొంత సవరించిరి. నెపమును రాష్ట్రమువారు కేంద్రముపైనను, కేంద్రమువారు రాష్ట్రముపైనను నెట్టిరి. చట్టము ప్రకారము ఛార్జీల నిర్ణయము కొరకు ప్రత్యేక సంఘము నొకదానిని నియమింతురు. మన వాదములలో ఆ సంఘము మాటయే రాలేదు. పార్టీల పేర్లు మాత్రము వచ్చినవి. సరకు ధరను ఏటేట కొద్దిగా పెంచిన గిరాకీదారుడు గొణుగుచునే వచ్చును. ఏడేండ్ల పెంపును ఒక్కనాడు మోపిన ఎదురంగడికి పోవును. మెట్రోకు ఎదురంగడి మోటారుసైకిలు. ఆ మోటారుసైకిలు మరల మన వీధిలోనే నిలుచును. అందువలన మెట్రో టికెట్టు ధర మెట్రో ఎక్కనివానికిని సంబంధించిన విషయమే.

మూడవది సొరంగ మార్గము. హెబ్బాళ నుండి సిల్కుబోర్డు వరకు సుమారు 17 కిలోమీటర్లు భూమి క్రింద రోడ్డు వేయ నెంచిరి. ఖర్చు 17 వేల కోట్ల రూపాయలకు పైబడునని అంచనా. కార్లు గల మనవారు దీనిని కొనియాడుచున్నారు. ఆ మార్గమున ప్రధానముగ ప్రయోజనము పొందువాడు కారు గలవాడే. కాని ఊరిలో బస్సెక్కువాడు, నడచువాడు, ద్విచక్ర వాహనము నడుపువాడు అధికులు. న్యూయార్కువారు ఎన్నుకొన్న దారి వేరు: కార్లనుండి వసూలైన రుసుమును భూగర్భ రైళ్లకును బస్సులకును వినియోగింతుమనిరి. దానిపై అక్కడి కేంద్ర ప్రభుత్వము అనుమతిని ఉపసంహరింప బూనగా వ్యవహారము న్యాయస్థానమునకెక్కినది. అక్కడను ఏకాభిప్రాయము లేదు. అయినను ఎవరినుండి తీసికొందురు, ఎవరికిత్తురు అను జమాఖర్చు అక్కడ స్పష్టముగ నున్నది. మన ఊరిలోను సొరంగము త్రవ్వుటకు ముందే అట్టి జమాఖర్చును ప్రజల ముందుంచవలయునని మా అభిప్రాయము.

ఇక మనకు ముఖ్యమైన విషయమునకు వత్తుము. 2024 జూలైలో రాష్ట్ర మంత్రివర్గమువారు ప్రయివేటు సంస్థలలో స్థానికులకు ఉద్యోగములు కేటాయించు బిల్లును ఆమోదించిరి. నిర్వాహక ఉద్యోగములలో నూటికి 50, ఇతర ఉద్యోగములలో నూటికి 70 స్థానికులకని నిర్ణయించిరి. పరిశ్రమలవారు అభ్యంతరము చెప్పగా రెండు మూడు దినములలోనే దానిని నిలిపివేసిరి. ఆ దినములలో మనవారి యిండ్లలో కలిగిన కలవరము మాకు తెలియును. తాతల నాటినుండి ఇక్కడనే పుట్టి పెరిగిన మన పిల్లలు స్థానికులా, కారా యని తల్లులు మమ్ము అడిగిరి. పుకార్లను నమ్మి కొందరు ఊరు విడుచుమాట కూడ ఎత్తిరి.

బిల్లులోని నిర్వచనమును చదివినవారు మాత్రము అరుదు. ఈ రాష్ట్రమున జన్మించి, 15 సంవత్సరములుగా నివసించుచు, కన్నడమును మాట్లాడ, చదువ, వ్రాయ నేర్చినవాడు స్థానికుడని అందులో నున్నది. మాతృభాష ప్రసక్తి లేదు. బస్సు కండక్టరు అడుగని ప్రశ్ననే ఆ బిల్లును అడుగలేదు. బిల్లు మంచిదా, చెడ్డదా యనుటలో మనలో భేదాభిప్రాయములుండవచ్చును. అయితే చదువకయే భయపడుటకు మాత్రము కారణము లేదు.

దీనినుండి మనకు రెండు పాఠములు. రాజ్యాంగమున 29, 30 అధికరణములు మన భాషను కాపాడుకొను హక్కునిచ్చినవి. 1956లో చేర్చబడిన 350-ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్యను మాతృభాషలో కల్పింప యత్నింపుమని రాష్ట్రములకు చెప్పుచున్నది. ఆ హక్కును వదలరాదు. ఇంటిలో తెలుగు చదువనేర్పని తల్లిదండ్రులు సభలలో తెలుగు హక్కులు కోరుట వింత. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు పెద్దలు. రెండవ పాఠము: మన పిల్లలు కన్నడము చక్కగా చదివి వ్రాయవలయును. నామఫలకములలో నూటికి 60 వంతులు కన్నడముండవలయునని 2024లో చట్టము వచ్చినపుడు ఫలకము మార్చుటకైన ఖర్చు కంటె, ఆ కన్నడమును తప్పులేక చదువగల పిల్లవాడు అంగడిలో ఉండుట మేలని మేమెంచితిమి. రెండు కండ్లున్నవాడు ఒకటి మూసికొని నడువ నక్కరలేదు.

కడపటి సంగతి. మన మహానగరపాలికకు 2015 ఆగస్టులో ఎన్నికలు జరిగినవి, 198 వార్డులు. ఆ సభ గడువు 2020 సెప్టెంబరు 10న ముగిసినది. తరువాత ఐదేండ్లకు పైగా ఎన్నికైన కార్పొరేటరు లేకయే ఈ ఊరు నడచినది. 2025 సెప్టెంబరు 2న బృహత్ బెంగళూరు ప్రాధికారము క్రింద ఐదు నగరపాలికలు ఏర్పడినవి. బస్సు, మెట్రో, సొరంగము అని కంఠములు చించుకొని వాదించిన మనము, వీధి గుంతను ఎవరితో చెప్పుకొందుమో తెలియని దినములను ఎంత మౌనముగ గడిపితిమి! ఓటరు పట్టికలో పేరు లేనివాని వాదము చిరునామా లేని ఉత్తరము వంటిది. ఎంత చక్కగ వ్రాసినను ఎవరికిని చేరదు.

కనుక సభ్యులకు మా మనవి మూడు మాటలు. ఒకటి, వార్డుల సరిహద్దులు మారినవి గనుక ప్రతి కుటుంబమువారును ఓటరు పట్టికలో తమ పేర్లను, వార్డును సరిచూచుకొనవలయును. వృద్ధులకును, చదువురాని వారికిని మన సంఘ యువకులు తోడు పోవలయును. రెండు, ఏ పథకమును గూర్చి యైనను వాదించుటకు ముందు ఆ ఉత్తర్వును చదువుడు. కన్నడమున నున్న ఉత్తర్వును మన పత్రికలో తెలుగున క్లుప్తముగ ప్రకటింప సంపాదకులను కోరుచున్నాము. మూడు, వాదములో పార్టీ పేరు చెప్పుటకు ముందు జమ ఎంత, ఖర్చెంత, ఎవరిది యని అడుగుడు. ఈ మూడు ప్రశ్నలకు నిలిచిన వాదము ఎవరిదైనను గౌరవింతము.

ఈ ఊరు మనకు అన్నము పెట్టినది. మన మాటను విన నిరాకరింపలేదు. వినదగిన మాటను చెప్పుట మన వంతు.