సమితి సభ్యత్వమును, పరదేశనీతియు



మన రాజనీతిశాస్త్రములు సంధి, విగ్రహము, యానము, ఆసనము, సంశ్రయము, ద్వైధీభావము అని షడ్గుణములను చెప్పినవి. కౌటిల్యుని మండలసిద్ధాంతము ననుసరించి సరిహద్దు రాజు సహజశత్రువు, అతని కావలివాడు మిత్రుడు. అనగా భూమి పొందికయే మైత్రీవైరములను నిర్ణయించుచుండెను. దేశములన్నియు నొక్క సభలో కూర్చుండి వోట్లు వేయుట మొదలైన పిమ్మట నీ లెక్క కొంత తారుమారైనది. సముద్రముల కావల నున్న చిన్న దేశమునకును ఒక వోటు కలదు. ఆ వోటు కావలసినవాడు ఆ దేశపు మంచిచెడ్డలను విచారింపక తప్పదు. సభ్యత్వము దేశముల కోరికలను సయితము మార్చునా యను ప్రశ్నను మన హైదరాబాదు వ్యాజ్యమును బట్టి విచారింతము.

1945 జూన్ 26వ తేదీన భారతదేశము ఐక్యరాజ్యసమితి శాసనపత్రముపై సంతకము చేసెను. అప్పటికి మనకు స్వాతంత్ర్యమే లేదు. పరాధీనమైన దేశమునకు సభలో పీట దొరకుట వింతయే కాని, మరుసటి యేడే అది అక్కరకు వచ్చెను. 1860 మొదలు మద్రాసు రేవున ఓడలెక్కి, చెరకుతోటల కూలికై నేటాలునకు పోయిన తమిళులు, తెలుగువారు, వారి సంతతి దక్షిణాఫ్రికాలో పడుచున్న అవమానములను గూర్చి మన ప్రభుత్వము సమితిలో ఫిర్యాదు చేసెను. మన పక్షమున శ్రీమతి విజయలక్ష్మీ పండిత్ వాదించిరి. ఇది మా యింటి వ్యవహారము, రెండవ అధికరణము ఏడవ ఖండము ప్రకారము సమితి జోక్యము కూడదని దక్షిణాఫ్రికా వాదించెను. ఆ వాదము నిలువలేదు. 1946 డిసెంబరు 8న మన పక్షమున 32 వోట్లు, ఎదుట 15 వోట్లు పడి తీర్మానము నెగ్గెను.

రెండేండ్లు తిరుగకమున్నే ఆ ఇంటివ్యవహారపు మాట మనమే చెప్పవలసి వచ్చెను.

1947 నవంబరు 29న నిజాము భారతప్రభుత్వముతో యథాతథపు ఒడంబడిక చేసికొనెను. పరదేశవ్యవహారములు దాని ప్రకారము ఢిల్లీ చేతిలోనివే. అయినను 1948 ఆగస్టు 21న నిజాము ప్రభుత్వము భద్రతామండలికి ఫిర్యాదు పంపెను. సమితిలో సభ్యుడు కాని రాజ్యము సయితము తగాదాను సభ ముందు పెట్టవచ్చునని 35వ అధికరణము చెప్పుచున్నది. చిక్కంతయు ఆ 'రాజ్యము' అను మాటలోనే కలదు. ఫిర్యాదు విచారణకు వచ్చినచో హైదరాబాదు స్వతంత్రరాజ్యమని సగము ఒప్పుకొన్నట్లే యగును. న్యాయము దొరకుటకంటె ఆ గుర్తింపు దొరకుటయే వారికి ముఖ్యమై యుండెనని నా యభిప్రాయము.

సెప్టెంబరు 13న భారతసైన్యము ప్రవేశించెను. 16న పారిసు నగరమున మండలి కూడినది. హక్కు నిర్ణయమును తరువాతికి విడిచి, 8 వోట్లతో విషయమును చర్చకు చేర్చుకొనిరి. చైనా, రష్యా, యుక్రెయినులు ఏ పక్షమునను వోటు వేయలేదు. హైదరాబాదు తరఫున మొయిన్ నవాజ్ జంగు మాటలాడెను. భారతప్రతినిధి ఆర్కాటు రామస్వామి మొదలియారు, హైదరాబాదు రాజ్యమే కాదు, ఈ ఫిర్యాదు చెల్లదు, అనిరి. మరునాడు నిజాము లొంగెను. 22వ తేదీన ఫిర్యాదును ఉపసంహరించుకొనుచు తంతి పంపెను. అటుపిమ్మట 1949 మే నెలలో చర్చ కొంత సాగి, మరి సాగలేదు.

1946లో ఒక మాట, 1948లో వేరొక మాటయా యని మీరడుగవచ్చును. నేటాలు విషయమున రెండు ప్రభుత్వముల నడుమ ఒడంబడికలుండెను గనుక అది కేవలము ఇంటి వ్యవహారము కాదని ఒక సమాధానము కలదు. ఆ సమాధానము నన్ను పూర్తిగా తృప్తిపరుపదు. నాకు బలముగా తోచున దింకొకటి. మా పరకాలలో 1947 సెప్టెంబరు 2న జాతీయపతాక మెత్తబోయిన జనముపై నిజాము పోలీసులు, రజాకార్లు తుపాకులు కాల్చిరి. ఆ మృతుల స్మారకమైన అమరధామమును నేడును చూడవచ్చును. పారిసులో ఎవరి పేర ఫిర్యాదు చదువబడెనో ఆ జనమును ఎవ్వరు నడిగిరి? అయితే మండలి నియమములలో ఆ ప్రశ్నకు చోటు లేదు. అక్కడ రాజ్యమా, కాదా యన్నదే లెక్క.

ఆ యేటనే జనవరి 1న కాశ్మీరపు ఫిర్యాదును మనమే మండలికి తీసికొనిపోయితిమి. వాదిగా పోయిన మనలను ప్రతివాదితో సమముగా కూర్చుండబెట్టిరి. రచ్చకెక్కిన యింటివాని కీ యనుభవము కొత్త కాదు. ఈ రెండు వ్యాజ్యముల పిమ్మట భారతదేశపు కోరికయే మారినది. వలసపాలన, వర్ణద్వేషము వంటి విషయములలో సభనే ఆశ్రయించుట, సరిహద్దు తగవులలో ఇరువురమే తేల్చుకొందుమనుట అలవాటయ్యెను. 1972 నాటి సిమ్లా ఒడంబడికలో ఈ రెండవది అక్షరరూపము దాల్చినది.

సభనుండి తప్పించుకొనుట మాత్రము సాధ్యము కాలేదు. 1994లో జెనీవాలోని మానవహక్కుల సంఘమున పాకిస్తాను కాశ్మీరమును గూర్చి తీర్మానము తెచ్చెను. అప్పటి ప్రధాని మన వంగర గ్రామమువారైన పాములపర్తి వేంకట నరసింహారావుగారు. వారు ప్రతిపక్షనాయకుడైన వాజపేయిగారినే ప్రతినిధివర్గమునకు పెద్దగా పంపిరి. ఇంటిలో భేదము లేదని సభకు తెలియవలెను గదా! అంతకుముందు 1993 సెప్టెంబరులో తామే ఇరాను వెళ్ళి చెలిమి పెంచుకొని వచ్చి యుండిరి. వోటింగు దాకా పోకయే, ఇరాను, చైనాల మాట మీద పాకిస్తాను ఆ తీర్మానమును వెనుకకు తీసికొనెను. కౌటిల్యుని మండలమున ఇరాను మనకు శత్రువున కావలివాడే. కాని అతని చెలిమి మన కక్కరకు వచ్చినది సరిహద్దున కాదు, జెనీవా సభలో.