సీసాలోని యప్పు

గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున గావించిన ప్రసంగము



రజతోత్సవ సభలో శీతల పానీయముల ప్రసంగమేమని కొందరికి విస్మయము కలుగవచ్చును. కాని గ్రంథాలయమునకు వచ్చు బాలుడే కిళ్లీకొట్టుకును పోవుచున్నాడు. ఇచ్చట అక్షరములు నేర్చినవాడు అచ్చట సీసా కొనుచున్నాడు. ఆ సీసామీది అక్షరములను చదువుచున్నాడా లేదా యనునదే నేటి ప్రశ్న.

గోదావరి మండలమునకు సీసా పానీయములు క్రొత్తవి కావు. హైరమ్ కాడ్ అను ఆంగ్లేయుడు 1872లో గోలీసీసాకు పేటెంటు పొందెను. ఆ గోలీసోడా తీర్థములలోను, రేవులలోను, సినిమాహాళ్ల ముంగిటను జనులకు చిరపరిచితమైనది. రామచంద్రపురములో 1919లో అద్దూరి రామచంద్రరాజుగారు సోడా వ్యాపారము నారంభించిరి. అదియే తరువాత ఆర్టోస్ అను పేర ప్రసిద్ధికెక్కి, నూరేండ్లు దాటియు నిలిచియున్నది. పెండ్లిపందిటిలో వియ్యాలవారికి చల్లని సీసా అందించుట మర్యాదలలో నొకటియైనది. ఆనాటి సీసా దాహమునకును వేడుకకును సంబంధించినది. అది ఎవరికిని బలమిచ్చెదనని చెప్పలేదు.

బలము మాట పిమ్మట వచ్చినది. అమెరికాలోని అట్లాంటా నగరమున 1886లో జాన్ పెంబర్టన్ అను ఔషధకారుడు కోకా-కోలాను కల్పించెను. 1977లో ఆ సంస్థ భారతదేశమును వీడగా, ఆ యేడే పార్లే సంస్థవారు థమ్సప్‌ను వెలువరించిరి. 1993లో కోకా-కోలా మరలివచ్చి ఆ థమ్సప్‌ను తానే కొనెను. తెలుగునాట ఈ పానీయము వెండితెరతో చెలిమి చేసినది. చిరంజీవి, మహేశ్‌బాబు వంటి ప్రముఖ నటులు దాని ప్రకటనలలో కనిపించిరి. ఆ ప్రకటనలలో కథానాయకుడు ఎత్తైన చోట్లనుండి దుమికి, అడ్డములన్నియు దాటి, సీసాను చేజిక్కించుకొనును. అతడు దాహము తీర్చుకొనుట చూపరులకు ముఖ్యము కాదు. అతని సాహసమే ముఖ్యము. ఆ విధముగా సీసా పౌరుషమునకు గుర్తయినది.

ఇంకొక పాయ థాయిలాండు నుండి వచ్చినది. అచ్చట 1976లో వెలువడిన క్రేటింగ్ డేంగ్ అను పానీయమును లారీ నడుపువారును, కూలీలును నిద్రమత్తు పోవుటకై త్రాగుచుండిరి. దానినే కొంత మార్చి 1987లో ఆస్ట్రియాలో రెడ్‌బుల్ అను పేర విక్రయింపసాగిరి. 2017లో పెప్సీ సంస్థవారు స్టింగ్‌ను భారతదేశమునకు తెచ్చిరి. చిన్న సీసా, చిన్న వెల యగుటచే ఇట్టివి పల్లెకొట్లకును చేరినవి. రొయ్యల చెరువులకడ రాత్రి కాపలా యుండువారు, 16వ జాతీయ రహదారిపై లారీ నడుపువారు, పరీక్షలకు చదువు బాలురు వీనిని శక్తి పానీయములని కొనుచున్నారు.

ఇందలి శక్తి యెట్టిదో విచారింపవలెను. చక్కెర యిచ్చు పుష్టిని అటుంచినచో, నిద్రను తరుమునది కెఫీన్. రుంగే అను జర్మను శాస్త్రజ్ఞుడు 1819లో దీనిని కాఫీగింజల నుండి వేరుచేసెను. మనుష్యుడు మేల్కొనియున్నంతసేపు మెదడులో అడినోసిన్ అను పదార్థము పెరుగుచుండును. అది మెదడులో తనకేర్పడిన స్థానములందు కుదురుకొన్నప్పుడు బడలికయు నిద్రయు కలుగును. కెఫీన్ ముందుగా వచ్చి ఆ స్థానములను ఆక్రమించును. అడినోసిన్ ఆ గడప వెలుపల నిలిచియుండును గాని నశింపదు. త్రాగిన కెఫీన్‌లో సగము తొలగుటకు సుమారు 5 గంటలు పట్టును. అది తొలగినకొలది వెలుపల నున్నది లోనికి వచ్చును. బడలిక తీరలేదు, వాయిదా పడినది. లెక్క తెలిసినవాడు దీనిని జమ పద్దున వ్రాయడు, అప్పు పద్దున వ్రాయును.

తెలుగు స్త్రీలు పాడుకొను ఊర్మిళాదేవి నిద్ర అను పాట ఈ సభలోని తల్లులెరిగినదే. లక్ష్మణుడు వనవాసమున పదునాలుగేండ్లు మేల్కొనియుండగా, ఇచ్చట ఊర్మిళ పదునాలుగేండ్లు నిద్రించెను. ఆయన నిద్రను ఆమె స్వీకరించెనని పెద్దలు చెప్పుదురు. నిద్రను జయించిన మహావీరుని నిద్రకైనను ఎవరో యొకరు బదులు చెల్లింపవలసివచ్చినది. పరీక్ష వ్రాయు బాలునకు ఊర్మిళ లేదు. వాని బాకీ వాడే తీర్చవలెను. అది పరీక్షశాలలోనే తీర్చవలసివచ్చిన ఏమి కావలెను?

ఈ పానీయము విషమని చెప్పుట సత్యము కాదు. భారత ఆహారభద్రతా ప్రమాణముల ప్రకారము ఇట్టి పానీయములలో లీటరునకు 145 మిల్లీగ్రాములకు తగ్గకయు, 300కు మించకయు కెఫీన్ ఉండవలెను. కావున 250 మిల్లీలీటర్ల సీసాలో హెచ్చుపక్షము 75 మిల్లీగ్రాములుండును. ఇది యించుమించు ఒక కప్పు కాఫీకి సమానము. అయితే కాఫీని వేడిగా, కొంచెము కొంచెముగా త్రాగుదురు. తీయని చల్లని సీసాను ఒక్క గ్రుక్కలో ముగించి రెండవదానికి చేయి చాతురు. ఐరోపా ఆహారభద్రతా సంస్థవారు 2015లో పిల్లలకు శరీరపు బరువున కిలోకు 3 మిల్లీగ్రాములను దినమునకు మితిగా సూచించిరి. 25 కిలోల బాలునకు ఆ మితి 75, అనగా ఒక్క సీసా. 45 కిలోల పదవతరగతి విద్యార్థికి 135. రెండవ సీసాతో అది దాటిపోవును.

ఈ సంగతి సీసాపై లేకపోలేదు. కెఫీన్ అధికమనియు, పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చు తల్లులకు, కెఫీన్ పడనివారికి తగదనియు, దినమునకు 500 మిల్లీలీటర్లు మించరాదనియు ముద్రింపవలెనని చట్టము. కాని ఆ వివరములు ఆంగ్లమునగాని హిందీలోగాని యున్న చాలును. తెలుగు తప్పనిసరి కాదు. పొగడ్త తెలుగులో, తెరనిండుగ, అభిమాన నటుని కంఠమున వినవచ్చును. హెచ్చరిక పరభాషలో, చీమతలకాయలంత అక్షరములలో, సీసా వెనుక దాగియుండును. కొను తల్లికి మొదటిది తెలియును, రెండవది తెలియదు. నష్టమంతయు ఇచ్చటనే యున్నది.

గ్రంథాలయము పూనుకొనదగిన పని యిదియే. పుస్తకము చదివి వినిపించుట ఎంత ధర్మమో, చదువురాని పొరుగువారికి సీసామీది నాలుగు పంక్తులు చదివి వినిపించుటయు అంత ధర్మము. ఆ హెచ్చరికను తెలుగున పెద్ద అక్షరములతో వ్రాసి గ్రంథాలయపు గోడమీదను, కొట్టువారు సమ్మతించినచో కొట్టులోను అంటించుట కొక అట్టయు, కొంచెము సిరాయు చాలును. పిమ్మట త్రాగువారు త్రాగుదురు, మానువారు మానుదురు. తెలిసి చేసిన అప్పునకును, తెలియక వ్రేలిముద్ర వేసిన పత్రమునకును గల భేదము ఈ గ్రామమునకు వేరుగా చెప్పనక్కరలేదు.